దేశం దాటని క్రూయిజ్: టికెట్టు కొనే ముందు, ఓడ ఎక్కిన తరువాత

క్రూయిజ్ ప్రకటనలో ‘దేశీయ యాత్ర’ అన్న మాట కనిపించగానే పాస్‌పోర్టు, వీసా, విదేశీ కరెన్సీ వంటి తలనొప్పులు ఉండవని చాలామంది నిశ్చింతగా టికెట్టు కొనేస్తారు. ఓడ ఆగే రేవుల జాబితాను వరుసగా చదివి, ఆ ఓడ ఏ దేశపు జెండా కింద నడుస్తోందో తెలుసుకుని, ఆ రేవుల మధ్య సరిహద్దు తనిఖీలు ఉన్నాయో లేవో నిర్ధారించుకున్న తరువాతే ఆ నిశ్చింతకు అర్థం ఉంటుంది. ఒకే దేశపు రేవుల్లో తిరిగే యాత్రకు సౌలభ్యాలు చాలానే ఉన్నాయి గాని, వాటిని పూర్తిగా పొందడానికి చేయవలసిన పని చాలావరకు టికెట్టు కొనకముందే ఉంటుంది. ఈ వ్యాసంలో సింహభాగం ఆ దశకే దక్కడానికి కారణం అదే.

రేవుల జాబితాను చదవడం

బయలుదేరే ఊరు, చేరే ఊరు చూసి సరిపెట్టుకోకూడదు; మధ్యలో ఉన్న మజిలీలే అసలు సంగతి చెబుతాయి. 2023 జనవరి 13న మొదలైన గంగా విలాస్ నదీయాత్ర వారాణసిలో బయలుదేరి డిబ్రూగఢ్‌లో ముగిసింది. రెండు చివరలూ భారతదేశంలోనే ఉన్నా, దాదాపు 3,200 కిలోమీటర్ల ఆ దారి మధ్యలో బంగ్లాదేశ్ గుండా సాగింది. గ్రీసులోని పిరయస్ నుంచి దీవులను చుట్టి వచ్చే మూడు నాలుగు రోజుల క్రూయిజ్‌లలో చాలావాటికి టర్కీ తీరంలోని కుషాదసి కూడా ఒక మజిలీ. ప్రకటనలో మికొనోస్, సాంటొరినీ దీవుల పేర్లే కంటికి కనిపించవచ్చు గాని, షెంగెన్ వీసా (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) మీద ఒక్కసారి మాత్రమే ప్రవేశించే అనుమతి ఉన్న ప్రయాణికుడికి టర్కీలో గడిపే ఆ ఒక్క పూట పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. షెంగెన్ ప్రాంతం దాటి బయటికి వెళ్లినవాడు మళ్లీ లోపలికి రావడానికి రెండో ప్రవేశం కావాలి.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. స్వాల్బార్డ్ ద్వీపసమూహం నార్వేదే అయినా షెంగెన్ ప్రాంతంలో భాగం కాదు. నార్వే ప్రధాన భూభాగంలో ఓడ ఎక్కి స్వాల్బార్డ్‌కు వెళ్లి తిరిగి వచ్చే విదేశీ యాత్రికుడు నార్వే రేవులను దాటి ఎక్కడికీ వెళ్లకపోయినా, వీసా లెక్కలో బయటికి వెళ్లి వచ్చినట్టే. ఫ్రాన్సుకు చెందిన గ్వాదెలూప్, మార్టినీక్ దీవులకు కూడా షెంగెన్ నిబంధనలు వర్తించవు. కాబట్టి ఒక రేవు ఏ దేశానిది అన్న ప్రశ్నతో ఆగకుండా, ఆ రేవుకు వెళ్లే దారిలో ఇమ్మిగ్రేషన్ తనిఖీ ఉందా, సామాను తనిఖీ ఉందా అని విడివిడిగా అడగాలి.

ఓడ ఒక దేశపు జలాల గుండా వెళ్లడం వేరు, అక్కడ ఆగి ప్రయాణికులను దింపడం వేరు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బెల్లింగ్‌హామ్ నుంచి అలాస్కాకు నడిచే ప్రభుత్వ ఫెర్రీ దారిలో చాలా భాగం కెనడా తీరం వెంబడే సాగుతుంది, కాని కెనడాలో ఎక్కడా ఆగదు. ప్రయాణ పట్టికలో సుందర దృశ్యాల విహారం అనో, సముద్రంలో గడిపే రోజు అనో రాసి ఉన్న చోట ఓడ రేవులో ఆగదని అర్థం. సాయంత్రం ఏడెనిమిది గంటలకు చేరి అర్ధరాత్రి లోపు వదిలివెళ్లే చిన్న మజిలీ ఏదైనా పట్టికలో కనిపిస్తే మాత్రం దాని మీద వేలు పెట్టి చూడండి. అంత తక్కువ సమయం కోసం ఓడ అక్కడికి ఎందుకు వెళ్తోందన్న ప్రశ్నకు జవాబు తరచుగా చట్టంలో దొరుకుతుంది.

జెండా వల్ల వచ్చే తేడా

ఒకే దేశపు రేవుల్లో తిరిగే పెద్ద క్రూయిజ్‌లు ప్రపంచంలో తక్కువగా ఉండడానికి ప్రధాన కారణం కాబొటేజ్ నిబంధనలు, అంటే దేశంలోని రెండు రేవుల మధ్య ప్రయాణికులను, సరుకును చేరవేసే హక్కును సొంత జెండా ఉన్న ఓడలకే పరిమితం చేసే చట్టాలు. పెద్ద క్రూయిజ్ ఓడల్లో అత్యధికం బహమాస్, పనామా, మాల్టా, బెర్ముడా వంటి చోట్ల నమోదై ఉంటాయి. కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడ ఉన్నా, ఓడ వెనుక ఎగిరే జెండాయే దాని జాతీయతను నిర్ణయిస్తుంది.

అమెరికాలో ఈ విషయాన్ని 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం నియంత్రిస్తుంది. దాని ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికన్ రేవులో ప్రయాణికుణ్ణి ఎక్కించుకుని, తిరిగి అదే రేవుకు చేర్చే యాత్రలో ఇతర అమెరికన్ రేవుల్లో ఆగాలంటే కనీసం ఒక విదేశీ రేవును తాకాలి. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లి వచ్చే ఓడలు కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగడానికి, కాలిఫోర్నియా నుంచి హవాయి వెళ్లి వచ్చే ఓడలు మెక్సికోలోని ఎన్సెనాడాను తాకడానికి కారణం ఇదే. 2021లో కెనడా తన రేవులను క్రూయిజ్ ఓడలకు మూసివేసినప్పుడు అలాస్కా సీజను మొత్తం నిలిచిపోయే ప్రమాదం వచ్చింది. అమెరికన్ కాంగ్రెస్ తాత్కాలికంగా ఒక ప్రత్యేక చట్టం చేసి ఆ ఓడలకు వెసులుబాటు కల్పించవలసి వచ్చింది. జపాన్‌లోనూ ఇదే తీరు కనిపిస్తుంది. విదేశీ జెండా ఓడలు జపాన్ చుట్టూ తిరిగే యాత్రల్లో దక్షిణ కొరియాలోని బుసాన్‌నో, తైవాన్ రేవునో కలుపుకుంటాయి. అసుకా వంటి జపాన్ జెండా ఓడలకు ఆ అవసరం లేదు. ఐరోపా సమాఖ్యలో మాత్రం 1993 నుంచి అమలులోకి వచ్చిన నియమాల వల్ల ఒక సభ్యదేశపు జెండా ఉన్న ఓడలకు మరో సభ్యదేశపు రేవుల మధ్య నడిచే దారి తెరుచుకుంది.

ఇదంతా ఓడ కంపెనీల గొడవ, టికెట్టు కొనేవారికి ఎందుకు అనిపించవచ్చు. ఎందుకంటే దీని బరువు చివరికి ప్రయాణికుడి మీదే పడుతుంది. విదేశీ జెండా ఓడలో సియాటిల్‌లో ఎక్కినవారు అలాస్కాలోని జూనో ఊరు నచ్చిందని అక్కడే దిగిపోతే చట్టం ఉల్లంఘించినట్టవుతుంది. జరిమానా మొదట ఓడ కంపెనీ మీద పడినా, టికెట్టు షరతుల ప్రకారం కంపెనీ దాన్ని ఆ ప్రయాణికుడి ఖాతాలోనే వేస్తుంది. ఇంతకంటే సూక్ష్మమైన మెలిక, విడివిడిగా చట్టబద్ధమైన రెండు యాత్రలను ఒకే ఓడలో వెంటవెంటనే కొన్నప్పుడు వస్తుంది. లాస్ ఏంజెలెస్ నుంచి వాంకూవర్‌కు ఒక యాత్ర, అదే ఓడలో వాంకూవర్ నుంచి అలాస్కాలోని విట్టియర్‌కు ఇంకో యాత్ర కొన్నారనుకుందాం. చట్టం ఈ రెండింటినీ కలిపి లాస్ ఏంజెలెస్‌లో ఎక్కి విట్టియర్‌లో దిగిన ఒకే ప్రయాణంగా చూస్తుంది. అలా వేర్వేరు అమెరికన్ రేవుల మధ్య సాగే ప్రయాణానికి దగ్గరి విదేశీ రేవు చాలదు, చట్టం దూరపు విదేశీ రేవుగా గుర్తించినది కావాలి. వాంకూవర్ ఆ కోవలోకి రాదు. బుకింగ్ వెబ్‌సైటు ఈ రెండు టికెట్లనూ అభ్యంతరం లేకుండా అమ్మేయవచ్చు, తీరా ప్రయాణం దగ్గరపడ్డాక ఒకదాన్ని రద్దు చేయవచ్చు. యాత్రలను జత కలపాలనుకునేవారు ముందే ఓడ కంపెనీ నుంచి రాతపూర్వకంగా నిర్ధారణ తీసుకోవాలి.

అదే స్వదేశీ జెండా ఉన్న ఓడ అయితే ఈ చిక్కులేవీ లేవు. హవాయి దీవుల మధ్య తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా అలాంటిదే. 2005 నుంచి నడుస్తున్న ఈ ఓడ హొనొలులూలో బయలుదేరి ఏడు రాత్రుల్లో మౌవీ, హవాయి, కవాయి దీవులను చూపించి మళ్లీ హొనొలులూకు వస్తుంది. అమెరికన్ జెండా కాబట్టి సిబ్బందికి, పన్నులకు అమెరికన్ లెక్కలే వర్తిస్తాయి. టికెట్టు ధర విదేశీ జెండా ఉన్న అదే స్థాయి ఓడలకంటే ఎక్కువగా ఉండడానికి అదొక కారణం. ధరలు పోల్చేటప్పుడు రాత్రికి ఎంత అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. కాలిఫోర్నియా నుంచి వెళ్లే ఓడ పోవడానికి నాలుగైదు రోజులు, రావడానికి నాలుగైదు రోజులు నడిసముద్రంలో గడుపుతుంది. హొనొలులూలో ఎక్కినవారికి దాదాపు ప్రతి రోజూ ఒక రేవు దొరుకుతుంది. ఒడ్డున గడిపే గంటకు ఎంత పడుతోందో లెక్క వేస్తే ఖరీదైనదని తోచిన టికెట్టే చౌకగా తేలవచ్చు. సముద్రంలో ఊరికే కూర్చోవడమే ఇష్టమైనవారికి ఈ లెక్క తలకిందులవుతుందని వేరే చెప్పనక్కరలేదు.

ఎలాంటి ఓడ

ఒకే దేశపు తీరం వెంబడి తిరగాలనుకునేవారు వేలమంది పట్టే క్రూయిజ్ ఓడల దగ్గరే వెతుకులాట ఆపేస్తే మంచి అవకాశాలు చాలా చేజారతాయి. దేశీయ యాత్రల్లో నాకు మిక్కిలి విలువైనవిగా తోచేవి అసలు క్రూయిజ్‌లుగా పుట్టినవే కావు.

నార్వే తీరమార్గం ఇందుకు మంచి ఉదాహరణ. 1893లో తపాలా, సరుకులు, మనుషులను ఉత్తరానికి చేర్చడానికి మొదలైన ఈ సర్వీసు బెర్గెన్ నుంచి రష్యా సరిహద్దు దగ్గరున్న కిర్కెనెస్ దాకా 34 రేవుల్లో ఆగుతూ ఊరూరా ఆగే బస్సులాగా నడుస్తుంది. ఇప్పుడు హుర్టిగ్రూటెన్, హవీలా అనే రెండు కంపెనీలు దాన్ని నడుపుతున్నాయి. పోను రాను 12 రోజులు పడుతుంది. కొన్ని రేవుల్లో ఓడ పావుగంటకు మించి ఆగదు. సరుకు దించి, ఇంటికి వెళ్తున్న స్థానికులను దించి, మళ్లీ కదులుతుంది. ఉత్తరానికి వెళ్లేటప్పుడు రాత్రివేళ దాటిపోయే రేవులు దక్షిణానికి తిరిగి వచ్చేటప్పుడు పగటి పూట వచ్చేలా సమయపట్టిక ఉంటుంది కాబట్టి, ఒకవైపు మాత్రమే టికెట్టు కొనేవారు తాము చూడదలచిన ఊళ్లకు ఓడ ఏ వేళకు చేరుతుందో ఒక్కొక్కటిగా చూసుకోవాలి. ఉత్తరానికి వెళ్లేటప్పుడు ప్రధాన భూభాగం కుడివైపు ఉంటుంది. ఇలాంటి సర్వీసుల్లో రేవు నుంచి రేవుకు టికెట్టు కొనుక్కోవచ్చు, మధ్యలో దిగి రెండు రోజులు ఉండి తరువాతి ఓడ పట్టుకోవచ్చు. విదేశీ జెండా క్రూయిజ్‌లో జరిమానా పడే పని ఇక్కడ మామూలు ప్రయాణమే.

అలాస్కా ప్రభుత్వ ఫెర్రీ ఇంకా నిరాడంబరమైనది. 1963 నుంచి నడుస్తున్న ఈ వ్యవస్థలో క్యాబిన్ విడిగా కొనుక్కోవాలి, భోజనం డబ్బులు విడిగా కట్టాలి, వినోద కార్యక్రమాలు ఉండవు. క్యాబిన్ వద్దనుకున్నవారు పై డెక్కు మీద వెచ్చదనం కోసం హీటర్లు బిగించిన పాక్షికంగా మూసిన చోట పడుకుంటారు, లేదా డెక్కు మీదే గుడారం వేసుకుంటారు. ఇనుప నేలలో మేకులు దిగవు కాబట్టి గుడారపు అంచులను వెడల్పాటి గట్టి టేపుతో నేలకు అతికించాలి; గాలి ఉధృతంగా ఉన్న రాత్రి ఆ టేపు ఎంత బాగా అతికిందన్న దాని మీదే నిద్ర ఆధారపడుతుంది. ఇది అందరికీ సరిపడే ప్రయాణం కాదు. అయితే పెద్ద క్రూయిజ్ ఓడలు చూసే కొండలను, అదే నీటిదారిని, విదేశీ రేవు ఏదీ లేకుండా చూపించే మార్గం ఇది.

క్రొయేషియా తీరంలో స్ప్లిట్, దుబ్రోవ్నిక్ మధ్య తిరిగే చిన్న ఓడలు సుమారు 40 మందిని తీసుకువెళ్తాయి. మధ్యాహ్నం ఈతకు తీరంలోని ఏదో ఒక ఒంపులో ఆగి, రాత్రికి ఊరి రేవులో కట్టేస్తారు. అక్కడ గట్టు చాలక ఓడలను పక్కపక్కనే ఒకదానికొకటి ఆనించి కడతారు. బాల్కనీకో పెద్ద కిటికీకో అదనపు డబ్బు కట్టినవారికి రాత్రంతా పక్క ఓడ గోడే కనిపించవచ్చు, తన ఓడ నుంచి గట్టు మీదికి చేరడానికి రెండు మూడు ఓడల డెక్కులు దాటవలసి రావచ్చు. ఇలాంటి చోట కిటికీ మీద పెట్టే డబ్బును ఇంజను గదికి దూరంగా ఉండే క్యాబిన్ మీద పెట్టడం మేలు.

ఈక్వడార్‌కు చెందిన గలాపగోస్ దీవుల్లో ఓడ ఎంపికకు వేరే లెక్క. అక్కడ తిరిగే ఓడల్లో 100 మందికి మించి ప్రయాణికులను అనుమతించరు, జాతీయ పార్కు గైడు లేకుండా ఒడ్డుకు దిగనివ్వరు. ఒకే ఓడ ఒకే స్థలానికి రెండు వారాల లోపు మళ్లీ వెళ్లకూడదన్న నియమం వల్ల యాత్రలను రెండు వారాల చక్రంలో ముక్కలు చేసి అమ్ముతారు. కాబట్టి ఓడ పేరుకంటే తేదీ ముఖ్యం. ఒక ప్రత్యేకమైన పక్షిని చూడాలనుకున్నవారు ఆ దీవి ఏ ముక్కలో పడుతుందో చూసి తేదీ ఎంచుకోవాలి.

కాగితాలు

సొంత దేశపు తీరంలో తిరిగే పౌరులకు చాలా చోట్ల ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు సరిపోతుంది. కార్డు మీది పేరు, టికెట్టు మీది పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇంటిపేరు ముందు వెనుకలు కావడం, పెళ్లి తరువాత పేరు మారడం రేవు దగ్గర ఆలస్యానికి సర్వసాధారణమైన కారణాలు. పిల్లలకు జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల్లో ఒక్కరే తీసుకువెళ్తుంటే రెండోవారి అంగీకారపత్రం దగ్గర ఉంచుకోవాలి.

అవసరం లేదని కంపెనీ చెప్పినా, పాస్‌పోర్టు ఉన్నవారు దాన్ని వెంట తీసుకువెళ్లడమే నా సలహా. తుపాను వల్లనో, ఓడలో ఎవరి ప్రాణానికో ముప్పు వచ్చినందువల్లనో కెప్టెను దారి మళ్లిస్తే, దగ్గరలో ఉన్న రేవు పొరుగుదేశానిది కావచ్చు. అక్కడి ఆసుపత్రిలో దిగినవారు విమానంలో ఇంటికి రావాలంటే ఫొటో కార్డు చాలదు.

పర్యటిస్తున్న దేశానికి పౌరులు కానివారి పరిస్థితి వేరు. హవాయి దీవుల మధ్య మాత్రమే తిరిగే ఓడ ఎక్కేవారికి అమెరికన్ వీసా ఒక్కటే చాలు. విక్టోరియాను తాకే అలాస్కా ఓడ ఎక్కేవారు ఆ సాయంత్రం ఒడ్డుకు దిగకుండా ఓడలోనే కూర్చున్నా, వారి జాతీయతను బట్టి కెనడా వీసా కూడా చేతిలో ఉండాలి. విదేశీయులకు దేశీయ యాత్ర వల్ల కలిగే పెద్ద లాభం ఈ ఒక్క వీసాయే.

పౌరులకు సైతం దేశంలోపలే అనుమతి కావలసిన చోట్లు ఉన్నాయి. లక్షద్వీప్ దీవుల్లో దిగడానికి భారతీయులు కూడా ప్రవేశ అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తు ఓడ కంపెనీ పెడుతుందా, ప్రయాణికుడే పెట్టాలా, ఏ తేదీలోపు వివరాలు అందజేయాలి అన్నవి బుకింగ్ రోజునే అడిగి తెలుసుకోవాలి. మొక్కలు, పండ్ల తనిఖీ కూడా ఇలాంటిదే. హవాయి నుంచి అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్లే సామానును వ్యవసాయ శాఖ తనిఖీ చేస్తుంది; ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి, ముఖ్యంగా పశ్చిమ ఆస్ట్రేలియా, టాస్మేనియాలకు చాలా రకాల పండ్లను తీసుకుపోనివ్వరు. అల్పాహారం బల్ల మీది పండును సంచిలో వేసుకుని ఒడ్డుకు దిగే అలవాటు ఉన్నవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

బీమా, ఆరోగ్యం

దేశం దాటడం లేదు కాబట్టి ఇంటి దగ్గర పనిచేసే ఆరోగ్య బీమాయే ఓడలోనూ పనిచేస్తుందని అనుకోవడం ఈ యాత్రల్లో అన్నిటికంటే ఖరీదైన అపోహ. ఓడ తీరానికి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటితే ప్రాదేశిక జలాల బయట ఉన్నట్టే. రెండు స్వదేశీ రేవుల మధ్య కూడా అలా దాటే సందర్భాలు వస్తాయి. అమెరికాలో వయోవృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా, ఓడ అమెరికన్ రేవుకు ఆరు గంటల ప్రయాణం కంటే ఎక్కువ దూరంలో ఉన్నప్పుడు చేసిన వైద్యానికి డబ్బు చెల్లించదు. రేవులోనే ఉన్నా, ఓడ వైద్యుడు బీమా కంపెనీ ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో ఉండడు. ఆయన ఫీజు మీ క్యాబిన్ ఖాతాలో పడుతుంది, మీరు చెల్లించి, వివరమైన బిల్లు తీసుకుని తరువాత బీమా కంపెనీకి పంపుకోవాలి.

అందుచేత బీమా కంపెనీని సూటిగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఓడ వైద్యుడి బిల్లును అంగీకరిస్తారా, హెలికాప్టరులోనో పడవలోనో ఒడ్డుకు తరలించే ఖర్చు ఇస్తారా, వాతావరణం వల్ల ఒక రేవును వదిలేస్తే ముందుగా కట్టిన హోటలు, రైలు డబ్బులు తిరిగి ఇస్తారా అన్నవి ముఖ్యం. జవాబు ఫోనులో కాకుండా ఈమెయిల్‌లో తీసుకుంటే అక్కరకు వస్తుంది. తరలింపు మాట అతిశయోక్తి కాదు. 2019 మార్చి 23న నార్వే తీరంలోని హుస్టాడ్విక దగ్గర తుపానులో ఇంజన్లు ఆగిపోయిన వైకింగ్ స్కై ఓడ అప్పుడు ట్రోమ్సో నుంచి స్టావాంగెర్‌కు, అంటే ఒక నార్వే రేవు నుంచి మరో నార్వే రేవుకే వెళ్తోంది. 450 మందికి పైగా ప్రయాణికులను హెలికాప్టర్లలో ఒక్కొక్కరినీ పైకి లాగి ఒడ్డుకు చేర్చారు.

గర్భిణులను 24 వారాలు నిండిన తరువాత చాలా కంపెనీలు ఎక్కించుకోవు. ఆరు నెలల లోపు శిశువుల విషయంలోనూ అంతే. సముద్రపు వికారానికి మాత్ర వేసుకునేవారు కడుపు తిప్పడం మొదలయ్యాక కాకుండా ఓడ కదలకముందే వేసుకోవాలి, ఆ మాత్రల వల్ల మగత వస్తుంది కాబట్టి ఇతర మందులు వాడేవారు వైద్యుణ్ణి ముందే అడగాలి. క్యాబిన్ ఎంపికలో ఓడ మధ్యభాగం, కింది డెక్కులు తక్కువగా ఊగుతాయి. పైనున్న డెక్కు ఏమిటో కూడా చూడండి: ఈతకొలను డెక్కు కింద ఉన్న క్యాబిన్‌లో తెల్లవారుజామునే కుర్చీలు ఈడ్చే చప్పుడు వినిపిస్తుంది.

కాలం

ఒకే తీరానికి పరిమితమైన యాత్రలో వాతావరణం చెడితే ఓడకు తప్పుకునే దారులు తక్కువ. భారతదేశపు పశ్చిమ తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అలాస్కాలో పెద్ద ఓడల సీజను ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు దాకా. నార్వే ఉత్తరాన జూన్, జూలైలలో అర్ధరాత్రి సూర్యుడు కనిపిస్తాడు, చలికాలంలో ధ్రువకాంతులు కనిపిస్తాయి. రెండూ ఒకే యాత్రలో దొరకవు. ఆస్ట్రేలియాలోని కింబర్లీ తీరంలో నీరు ఒక పోటులో 11 మీటర్ల దాకా లేస్తుంది. అక్కడ ఒడ్డుకు దిగే వేళను గడియారం కాకుండా ఆటుపోట్లు నిర్ణయిస్తాయి. లక్షద్వీప్ వంటి పగడపు దీవుల దగ్గర పెద్ద ఓడ దిబ్బల బయటే లంగరు వేసి ప్రయాణికులను చిన్న పడవల్లో పంపుతుంది. అల పెద్దదైన రోజు ఆ పడవలు నడవవు, ఆ రేవు రద్దవుతుంది. పట్టికలో ఇలా పడవల మీద దిగవలసిన రేవులు ఎన్ని ఉన్నాయో చూసి, యాత్రలో మీరు ఆశపెట్టుకున్న రేవు వాటిలో ఒకటైతే, గట్టుకు ఆనుకుని ఆగే వేరే ఓడ ఏదైనా ఉందేమో వెతకండి.

ఓడ మీద, ఒడ్డు మీద

డబ్బు విషయంలో మారేది కొంతే. సొంత కరెన్సీ పనిచేస్తుంది, మార్పిడి నష్టం ఉండదు. దానికి బదులు పన్ను లేని దుకాణం మీద ఆశ పెట్టుకోకూడదు. విదేశీ రేవు తాకని ఓడలో సాధారణంగా స్థానిక పన్నులే వర్తిస్తాయి. ప్రైడ్ ఆఫ్ అమెరికాలో కాసినో లేదు. టికెట్టు ధరలో సిబ్బంది టిప్పులు, రేవు రుసుములు కలిసి ఉన్నాయో లేదో అడగకపోతే చివరి రోజు చేతి చమురు వదులుతుంది.

ఫోను విషయంలో మాత్రం మోసపోయేవారు ఎక్కువ. ఒడ్డు కంటికి కనిపిస్తున్నా ఫోను ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కును పట్టుకుంటే దేశీయ ప్లాను పనిచేయదు, ఆ వాడకానికి విడిగా, భారీగా బిల్లు పడుతుంది. ఓడ ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రేవులో దిగి ఏ నెట్‌వర్కు దొరికిందో తెర మీద చూసిన తరువాతే తీయాలి.

బయలుదేరే ఊరికి ఒక రోజు ముందే చేరుకోవడం మంచిది. పెద్ద సామాను రేవు దగ్గర అప్పగిస్తే అది క్యాబిన్‌కు చేరేసరికి సాయంత్రం కావచ్చు కాబట్టి మందులు, కాగితాలు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. ఇస్త్రీపెట్టె, విద్యుత్ కెటిల్, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ప్లగ్ బోర్డు వంటివి నిప్పు ప్రమాదం దృష్ట్యా చాలా ఓడల్లో అనుమతించరు. భద్రతా కసరత్తుకు తప్పనిసరిగా వెళ్లాలి. 2012 జనవరి 13న కోస్టా కాంకార్డియా రాళ్లకు తగిలి 32 మంది చనిపోయినప్పుడు ఆ ఓడ ఇటలీలోని చివితావెక్యా నుంచి ఇటలీలోని సవోనాకే వెళ్తోంది. ఆ సాయంత్రం కొత్తగా ఎక్కినవారికి ఇంకా కసరత్తు జరగలేదు. ఆ తరువాతే ఓడ బయలుదేరే ముందు గాని, బయలుదేరిన వెంటనే గాని కసరత్తు ముగించాలన్న నియమం అంతర్జాతీయంగా వచ్చింది. ఏడు పొట్టి కూతలు, వాటి వెనుక ఒక పొడవైన కూత వినిపిస్తే ఏ చోటికి చేరాలో మొదటి గంటలోనే నడిచి చూసుకోండి.

రేవుల్లో దిగినప్పుడు సొంత దేశంలో తిరుగుతున్న లాభం నిజంగా తెలుస్తుంది. భాష వచ్చు, బస్సు ఎక్కడం వచ్చు, ఓడ కంపెనీ అమ్మే ఖరీదైన పర్యటన లేకుండానే ఊరు చూడవచ్చు. అయితే కంపెనీ పర్యటన ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. ఓడ బయలుదేరే వేళ వేరు, ప్రయాణికులు ఓడలో ఉండవలసిన వేళ వేరు. రెండోది సాధారణంగా అరగంట ముందే ఉంటుంది. ఒకే దేశంలోనూ సమయం మారవచ్చు: అలాస్కా గడియారం సియాటిల్ కంటే ఒక గంట వెనుక. ఓడ ఏ సమయాన్ని పాటిస్తోందో ఆ రోజు కార్యక్రమాల కాగితంలో చూసి, ఆ కాగితం మీదే ఉండే రేవు ఏజెంటు ఫోను నంబరును రాసుకుని దిగాలి. ఓడ తప్పిపోతే సొంత దేశంలో తరువాతి రేవును రోడ్డు మీదో విమానంలోనో అందుకోవడం సులువే, గుర్తింపు కార్డు జేబులో ఉన్నంతవరకు. దాన్ని క్యాబిన్ లాకరులో వదిలి దిగితే విమానం ఎక్కడమూ కష్టమే.

చివరి రాత్రి పెద్ద సామానుకు చీటీలు కట్టి క్యాబిన్ బయట పెట్టమంటారు. మరునాటి బట్టలు, మందులు, కాగితాలు ముందే వేరుగా తీసి పెట్టుకోవాలి. ఖాతా బిల్లును ఆ రాత్రే తెప్పించుకుని ఒక్కో పద్దు చూసుకుంటే, తప్పు పడిన చోట సరిచేయించుకోవడానికి కౌంటరు దగ్గర వరుస ఇంకా పెరిగి ఉండదు. ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ లేని యాత్రలో ఓడ దిగడం తొందరగానే అవుతుంది గాని, ఉదయపు పొగమంచు వల్లనో రేవు ఖాళీ లేకనో ఓడే ఆలస్యంగా చేరవచ్చు. ఇంటికి వెళ్లే విమానమో రైలో మధ్యాహ్నం తరువాతది తీసుకోండి.